కోటయ్య గారి ఐదు నిమిషాలు

దెయ్యాల కథలు ఎవరు చెప్పినా నేను నమ్మలేదు. మాది తెనాలిలో స్టీలు సామాన్ల కొట్టు. గల్లాపెట్టె పక్కన పెరిగినదాన్ని. మనిషి కళ్ళు చూసి మాట నికరమో కాదో తేల్చేస్తానని నాకు పొగరు. అలాంటి నేను ఇది రాస్తున్నానంటే నాకే చిన్నతనంగా ఉంది.

కొట్టు మూతపడ్డాక, రేపల్లె వెళ్ళే దారిలో ఉన్న ఒక వృద్ధుల నివాసంలో సూపర్‌వైజర్‌గా చేరాను. మాటకారినని తీసుకున్నారు. నా మాటలతో వాళ్ళకున్న పని ఏమిటో తర్వాత తెలిసింది. అక్కడ ఎవరైనా పోతే మిగతా పెద్దవాళ్ళకు చెప్పకూడదు. అంబులెన్సులో వెనక గేటు నుంచి పంపేసి, "వాళ్ళమ్మాయి వచ్చి తీసుకెళ్ళిందండి" అని నవ్వు మొహంతో చెప్పాలి.

నెలకోసారి మాకు వ్యక్తిత్వ వికాసం క్లాసు ఉండేది. ఎదుటివాళ్ళను బాధపెట్టే మాట దాచుకోగలగడం కూడా ఎదుగుదలేనని చెప్పేవారు. ఆ లెక్కన స్టాఫ్‌లో నా అంత ఎదిగినవాళ్ళు లేరు.

కోటయ్య గారు దుగ్గిరాలలో పసుపు వ్యాపారం చేసిన మనిషి. నన్ను "షావుకారమ్మా" అని పిలిచేవారు. రెండో కాఫీ కోసం రోజూ నాతో బేరం. వాళ్ళ రోజుల్లో పదిమందికీ ధర తెలియకుండా తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం చేసేవారట. ఎన్ని వేళ్ళు నొక్కితే అంత.

ఒక మధ్యాహ్నం వరండాలో మేమిద్దరమే ఉన్నాం. ఆయన భుజం మీది తువ్వాలు నా చేతి మీద కప్పారు.

"నేను పోతే దొంగసరుకులాగా వెనక గేటున పంపకే. హాల్లో అందరి మధ్యా కాసేపు ఉంచు. ఎస్తేరు టీచర్‌కి చెప్పి పోవాలి." ఇలా అని నా ఐదు వేళ్ళూ రెండుసార్లు నొక్కారు. అంటే పది నిమిషాలు.

నేను ఆయన వేళ్ళు ఒక్కసారే నొక్కాను. ఐదు.

"చచ్చేవాడి దగ్గర కూడా సగానికి అడిగావు చూడు! తెనాలి దానివి అనిపించావు" అని పడీపడీ నవ్వారు. బేరం కుదిరింది. పోయేవాడి నిమిషాల్లో సగం కోసినందుకు ఆ రోజంతా నాకు హుషారే.

ఎస్తేరు టీచర్ గారంటే బాపట్లలో లూథరన్ బడిలో పనిచేసి రిటైరైన ఆవిడ. రెండు కళ్ళూ కనపడవు. హాల్లో కోటయ్య గారి కుర్చీ పక్కనే ఆవిడ కుర్చీ. ఈ బేరం జరిగిన రోజు ఆవిడ మా దగ్గర లేరు. బాపట్లలో మేనకోడలి ఇంట్లో ఉన్నారు. తర్వాత గేటు రిజిస్టరు తీసి చూశాను. అలాగే ఉంది. బేరం సంగతి ఎవరికైనా చెప్పారా అని కోటయ్య గారిని కూడా ఆయన ఉండగానే అడిగాననుకోండి. "బేరం బయటపెడితే వ్యాపారి ఎలా అవుతాడే?" అన్నారు.

రెండు నెలల తర్వాత ఆయన తెల్లవారుజామున నిద్రలోనే పోయారు. ఆ ఉదయం నివాసం చూడటానికి కొన్ని కుటుంబాలు వస్తున్నాయి. మేనేజర్ నా వంక చూశాడు. నాకు ప్రమోషన్ ఆ నెలలోనే రావాలి. ఆయన్ని వెనక గేటు నుంచే పంపించాను. ఐదు నిమిషాలు కాదు, ఒక్క నిమిషం కూడా ఇవ్వలేదు.

ఎనిమిదింటికి హాల్లో టిఫిన్ పెట్టారు. "కోటయ్య గారు వాళ్ళమ్మాయి దగ్గరికి గుంటూరు వెళ్ళారండి" అని అందరికీ చెప్పాను. చూడటానికొచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఉన్నారు.

అప్పుడు టీచర్ గారు గట్టిగా అన్నారు: "గుంటూరేంటమ్మాయ్? ఇక్కడే ఉన్నాడుగా! సిగ్గులేకుండా నా చెయ్యి పట్టుకున్నాడు. ఏంటండీ ఇది కోటయ్య గారూ, ఐదు వేళ్ళూ కలిపి నొక్కుతున్నారు? వదలండి!"

నేను ఆవిడకు నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఆవిడ కుడి చెయ్యి కుర్చీ చేతి మీద నుంచి పైకి లేచి ఉంది. ఐదు వేళ్ళూ ఒకదానికొకటి అతుక్కుని, రక్తం ఆగినట్టు తెల్లబడ్డాయి. ఆ చేతికి అందేంత దగ్గర్లో ఎవరూ లేరు.

హాలంతా నన్నే చూస్తోంది. నిజం చెప్పాల్సిన క్షణం అదే. నాకు నోరు తిరిగింది, కానీ అలవాటైన వైపే తిరిగింది.

"ఈమధ్య టీచర్ గారికి మతి నిలకడగా ఉండటం లేదండి" అన్నాను, నవ్వుతూ.

మధ్యాహ్నం డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకున్నది ఎవరని అడిగాడు. కోటయ్య గారేనని ఆవిడ చెప్పారు. రాసుకున్నాడు. మేనకోడలు ఫోన్లోనే సరేనంది. సాయంత్రానికల్లా ఆవిడను రెండో అంతస్తుకు, మతి తప్పినవాళ్ళను ఉంచే చోటికి మార్చారు. అక్కడ గ్రిల్ తలుపుకు తాళం ఉంటుంది.

నాకు ప్రమోషన్ వచ్చింది. వారం తిరక్కుండా పైకి వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

"పొరపాటు పడ్డానని ఒక్క మాట అనండి టీచర్ గారూ. కిందకు తెచ్చేస్తాను."

"పడలేదుగా."

"పోనీ, సరిగా గుర్తులేదనండి."

"పిల్లలకి ఇన్నేళ్ళూ ఏం చెప్పానమ్మా నేను? నువ్వెళ్ళి నిజం చెప్పు. నన్నెందుకు అబద్ధమాడమంటావు?" అన్నారు. మళ్ళీ ఆవిడే, "ఆయన పోయాడు కదూ?" అని అడిగారు.

అవునండి అన్నాను.

మర్నాడు డాక్టరుకు మొత్తం చెప్పాను. తువ్వాలు, ఐదు వేళ్ళు, రిజిస్టరులో తేదీ, అన్నీ. ఆయన మర్యాదగా విని, "సరిగా నిద్రపడుతోందామ్మా?" అని అడిగాడు. మేనేజర్ మాత్రం మర్యాద పెట్టుకోలేదు. "పైన ఇంకో మంచం ఖాళీగా ఉంది, చూసుకో" అన్నాడు.

ఆవిడకు మతి ఉందని తేలాలంటే, పోయిన మనిషి ఆ ఉదయం హాలుకు వచ్చాడని నేను ఒప్పించాలి. దెయ్యాలను నమ్మని నేను. ఎన్నో రకాలుగా ఆలోచించాను. ఎవరో చాటుగా చూసి ఆవిడకు చెప్పారేమో అనుకున్నాను. వరండాలో అందుకు చోటు లేదు. ఆవిడే ఊహించారేమో అనుకున్నాను. ఊహిస్తే ఐదే ఎందుకు? ఆ తెల్లబడ్డ వేళ్ళ మాటేమిటి?

ఆ ఐదు సంగతి ఆవిడకు ఎలా తెలిసిందో ఇవాళ్టికీ నాకు అంతుపట్టలేదు. పట్టి ఉంటే, ఎస్తేరు టీచర్ గారు ఈపాటికి కింద హాల్లో కూర్చుని ఉండేవారు.