మంచి బూజు

శాండ్రింగ్‌హామ్‌లో మా అబ్బాయి ఇంటి వెనక, కంచె పక్కనున్న మడి ఒక్కటే నాదని చెప్పుకోగలిగినది. అక్కడ కూర్చోడానికి చెక్కలతో డెక్ వేయిస్తానని వాడు చాలాకాలంగా అంటున్నాడు. చివరికి, "ఈ స్ప్రింగ్‌కి పూలు బాగా వస్తే ఉంచేద్దాం నాన్నా. రాకపోతే నా మాట వినాలి నువ్వు" అన్నాడు. సరేనన్నాను.

ఇల్లు కట్టినప్పుడు పైమట్టి గీకేసిన నేల అది. అంతకుముందు నాటిన ఫ్రీజియా పూల దుంపలు గడ్డిలా మొలిచి ఊరుకున్నాయి. అందుకే ఈసారి దుంపల కింద, వేర్లకు మేలు చేసే శిలీంధ్రం పొడి వేశాను. అది వేరులోకి చేరి, వేరు అందుకోలేని చోటికి సన్నని పోగులు పంపి, అక్కడి సారాన్ని మొక్కకు తెచ్చిపెడుతుంది. ఒక వరుసకే పొడి వేసి, రెండోది మామూలుగా వదిలాను. తేడా కళ్ళకు కనబడాలి కదా. ఎంత లోతున నాటానో, ఏ పూట తడిపానో అలవాటు కొద్దీ డైరీలో రాశాను.

"ఏమిటండీ ఆ పొడి?" అని అడిగింది మా ఆవిడ.

శిలీంధ్రమంటే ఆమెకు తెలియదు. "బూజు. మంచి బూజు" అన్నాను.

"పండక్కి బూజు దులుపుకుంటారు గానీ, కొనుక్కొచ్చి పెంచుతారా ఎవరైనా?"

తర్వాత టౌరంగాలో స్నేహితుడింట్లో వారం ఉండి వచ్చాను. మడి దగ్గర మందు వాసన.

"నీ దుంపలకి ఫంగస్ పట్టిందటగా, అమ్మ చెప్పింది. ఫంగిసైడ్ తెచ్చి మడంతా తడిపేశాను. వర్రీ అవ్వకు" అన్నాడు అబ్బాయి.

"నీ దుంప తెగ, పట్టలేదురా. నేనే వేశాను."

మా ఆవిడ వంటింట్లోంచి అంది, "నేను మంచి బూజనే చెప్పానండీ. వాడే మంచిగా పట్టిందనుకున్నాడు."

ఇంకొకరింట్లో జరిగితే నేనూ నవ్వేవాణ్ణి. నాకు ఫోన్ చేసి ఒక్క మాట అడగొచ్చుగా. వచ్చేటప్పుడు అవకాడోలు తెమ్మని ఆ వారమే చేశాడు.

స్ప్రింగ్‌లో రెండు వరుసలూ ఒకేలా, సన్నగా, వాలిపోయి లేచాయి. పొడి పనిచేసేదో కాదో కూడా తేలలేదు. ఇంకొక్క ఏడాది ఇమ్మన్నాను.

"మాటంటే మాట నాన్నా."

మేము తెలుగులో అనుకున్నవాటిలో వాడికి సరిగ్గా అర్థమైంది ఆ ఒప్పందం ఒక్కటే.

డెక్ బాగా వచ్చింది. ఎండ తగిలే మూల నాకో కుర్చీ వేశారు. ఇంటికొచ్చినవాళ్ళు, "మంచి ప్లేస్ కొట్టేశారు అంకుల్" అంటారు. కూర్చుంటాను.