బావ తెచ్చిన సిస్టంలు

మొన్న మా అమ్మాయి లాప్‌టాప్ తెర మీద, కొత్త వెర్షన్ వచ్చింది, ఇప్పుడే మార్చమంటారా అని ఒక ప్రశ్న వెలిగింది. పక్కన కూర్చున్న నేను "వద్దు!" అని అరిచాను. పిల్ల ఉలిక్కిపడి నా వైపు చూసింది. ఒకప్పుడు ఇబ్రహీంపట్నంలో, మా ఇంటి ముందుగదిలో, అలాంటి మార్పు నన్ను ఎంత ఏడిపించిందో దానికేం తెలుసు!

అప్పుడు బొంగులూరు దారి పొడుగునా చేలల్లో ప్లాట్ల రాళ్లు పాతుతున్నారు. ఏదో ఆఫీసువాళ్లు వదిలించుకున్న కంప్యూటరును మా ఆయన కొనుక్కొచ్చాడు. దాని మీద నేను చుట్టుపక్కల బడులకు తెలుగులో పరీక్ష పేపర్లు టైపు చేసి ఇచ్చేదాన్ని. అందులో ఉన్న సిస్టం, అంటే కంప్యూటరును నడిపే సాఫ్ట్‌వేర్, దొంగ కాపీ. మాటిమాటికీ వైరస్ పట్టి, జ్వరమొచ్చిన గొడ్డులా మూలన పడేది. సరిగ్గా అప్పుడే రంగంలోకి దిగాడు మా బావ, అంటే మా అక్క భర్త. ఉండేది బడంగ్‌పేట్‌లో, నగరంలో ఒక కంపెనీలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం. చాలా మంచివాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. చెడ్డవాడైతే గడప తొక్కనిచ్చేదాన్ని కాదు.

"దొంగది ఎందుకు మరదలా? లినక్స్ అని ఇంకో సిస్టం ఫుకట్‌ల, పైస లేకుండ దొరుకుతది. వైరస్ ఫికర్ లేదు. దాంట్ల మస్తు రకాలున్నయ్," అన్నాడు. ఆ మస్తు రకాలే నా కొంప ముంచాయి. ఆదివారం వస్తే చాలు, సీడీల సంచీ భుజాన వేసుకుని బస్సు దిగేవాడు. మొదట పెట్టింది నల్లటి తెర చూపించి, ఏం చేయాలో నువ్వే చెప్పమని మిటకరించేది. తర్వాతది చూడముచ్చటగా ఉండేది గానీ, పెళ్లిలో అలిగిన చుట్టంలా ప్రింటరుతో మాట కలిపేది కాదు. నాకు కాస్త చేయి అలవాటయ్యేసరికి మళ్లీ ఆదివారం. "గది పాతదైంది, దీనికన్న మంచిది దొరికింది," అనేవాడు, ముఖం వెలిగిపోతూ. మా ఆయన నవ్వి ఊరుకునేవాడు. పేపర్లు కొట్టేది ఆయన కాదు కదా!

అర్ధ సంవత్సర పరీక్షలు దగ్గర పడ్డాయి. ఆ ఆదివారం నేను కూరగాయలకు పోయి వచ్చేసరికి తెర మీద కొత్త నీలిరంగు, ఎదురుగా గర్వంగా బావ.

"నా పేపర్లేవి బావా?"

"ఏ పేపర్లు?"

ఈసారి నా పేపర్లు పక్కకు తీసిపెట్టకుండానే డిస్కు మొత్తం తుడిచేసి కొత్తది ఎక్కించాడు. వారమంతా నడుము విరిగేలా ఒక బడికి కొట్టిన సాంఘికం, సైన్సు, తెలుగు గల్లంతు. చేతిలో సంచీ జారి టమాటాలు బల్ల కిందికి దొర్లాయి.

"మంచిది, మంచిది అంటవ్. ఎవరికి మంచిది? నాకేం కావాల్నో ఒక్కనాడన్న అడిగినవా?"

బావ ముఖం పాలిపోయింది. "అడగలే," అన్నాడు. "ఇప్పుడు చెప్పు, ఏం కావాలె?"

"ఆన్ చేస్తే లేవాలె. ప్రింటర్ నడవాలె. తెలుగు అక్షరం విరగొద్దు. అంతే."

అప్పుడు మొదటిసారి లేచి కుర్చీ నాకిచ్చాడు. కొన్ని సిస్టంలను డిస్కులో ఎక్కించకుండా సీడీ నుంచే నడిపి చూడొచ్చని తాపీగా చెప్పాడు. ఆ ముక్క ముందే చెప్పి ఉంటే! బావ ఒక్కో సీడీ పెట్టడం, నేను 'స్వాతంత్ర్యం' అని కొట్టి చూడటం. ఒకదాంట్లో ఒత్తు ఊడి పక్కన పడింది, ఇంకోదాంట్లో అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వచ్చాయి. పొద్దు వాలుతుండగా, బావ పక్కన పడేసిన ఒక సీడీలో ఆ మాట చెక్కుచెదరకుండా నిలబడింది. ప్రింటరు కూడా కిర్రుమని కాగితం లాక్కుంది.

"గిదా? గిది కొత్తగ నేర్చుకునేటోళ్లది. మా ఆఫీసుల నవ్వుతరు," అన్నాడు బావ.

"నవ్వనీ. నేను నేర్చుకునేదాన్నే గద."

పేపర్లన్నీ మళ్లీ కొట్టాను గానీ వేళకు అందలేదు. ఆ బడివాళ్లు పని ఇంకెవరికో ఇచ్చారు, మళ్లీ నా దగ్గరికి రాలేదు. మిగతా బడుల పని ఆ సిస్టం మీదే చాలా ఏళ్లు చేశాను. బావ ఆదివారాలు వస్తూనే ఉన్నాడు, ఉత్త చేతులతో. కంప్యూటరు వైపు చూసి వేళ్లు నలుపుకునేవాడు. నేను చూడనట్టు టీ గ్లాసు ఆ చేతుల్లో పెట్టేదాన్ని.

కాలం అన్నిటినీ మాన్పుతుందంటారు. నా కోపాన్ని మాత్రం పూర్తిగా మాన్పలేదు, దాని పక్కన కాస్త నవ్వును తెచ్చి కూర్చోబెట్టిందంతే.