పసుపు దాచిన రంగు

2012. నారాయణగూడ సందులో నా మ్యాచింగ్ సెంటర్‌కి అప్పటికి తొమ్మిదేళ్లు. జాకెట్టు గుడ్డలు, ఫాల్స్, లైనింగులు, కొన్ని చీరలు అమ్మే చిన్న కొట్టు. ఆ ఏడే సీజనల్ కలర్ అనాలిసిస్ నేర్చుకున్నాను. ఒంటి చాయను బట్టి మనుషుల్ని నాలుగు రుతువులుగా చూసి, నప్పే రంగులు చెప్పే విద్య అది. నేర్చింది గోరంత, గర్వం కొండంత! కొట్టు ముందు సుద్దముక్కతో రాసిన బోర్డు కూడా పెట్టాను: "మిమ్మల్ని తెల్లగా చూపించే రంగులు చెప్పబడును."

మధ్యాహ్నాలు బేరాలుండవు. ఫ్యాను గాలికి వేలాడే గుడ్డలు మెల్లగా ఊగుతుంటే, నాకు మెలకువలోనే కల కంటున్నట్టుండేది. అలాంటి వేళ స్వరూప వచ్చింది. అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కి చదివే పిల్ల.

"అక్కా, పది రోజులల్ల ఇంటర్వ్యూ. ఇంట్ల ఇదే ఆఖరుసారి అన్నరు. రాకుంటే ఊరికి పోవుడే. జర తెల్లగ కనిపించే చీర చెప్పు."

అద్దం ముందు కూర్చోబెట్టి డ్రేపింగ్ మొదలుపెట్టాను. అంటే గడ్డం కింద ఒక్కో రంగు గుడ్డ పరిచి, ముఖం ఎలా మారుతుందో చూడటం. చర్మంలో పసుపు ఛాయ కనిపించింది. "నువ్వు ఆటమ్, శరదృతువు పిల్లవి" అని తేల్చేశాను. నా దగ్గరే ఆవపిండి రంగు చీర కొనుక్కుంది.

వారం తిరక్కుండా ఆ చీరలోనే వచ్చి నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"కోచింగ్‌ల మాక్ ఇంటర్వ్యూ పెట్టిన్రు. జ్వరమొచ్చిందా అని అడిగిండు సార్. ఇగ నోట్ల మాట రాలే అక్కా."

వాకిట్లోకి, ఎండ వెలుతురులోకి తీసుకొచ్చి చూశాను. చెంపల మీద పసుపు వెలిసిపోయి, కింద వేరే రంగు బయటపడుతోంది.

"పసుపు రాస్తవా?"

"చిన్నప్పటి సంది రోజూ. తెల్లగైతనని. పసుపు కలిపిన సున్నిపిండి అయిపోయింది, నాలుగు రోజులాయె పెట్టక."

ఓరి నా తెలివి తెల్లారిపోను! జాకెట్టు గుడ్డ కొనే ప్రతి ఆడమనిషినీ వెలుతురులో చూసుకోమని వాకిట్లోకి పంపేదాన్ని, ఈ పిల్లను మాత్రం ట్యూబ్‌లైటు కింద చూసి రుతువు చెప్పాను. నేను చదివింది ఆమె చాయను కాదు, పసుపును.

సబ్బుతో ముఖం కడిగించి, వాకిట్లోనే మళ్లీ పరిచాను. ముదురు నీలం పడగానే ముఖం నిండు వెన్నెల పడ్డట్టు తేటపడింది. ఆమె వింటర్, శీతాకాలపు పిల్ల. అద్దం ముఖం ముందు పెట్టాను.

"గీ రంగు నల్లోళ్లకు వద్దంటరు కద?" అంది, చూపు మాత్రం అద్దంలోంచి తిప్పలేదు. "ఎన్నడు కట్టనియ్యలే అక్కా."

నీలం చీర నేనే ఇచ్చి, ఆవపిండి రంగు చీర వెనక్కి తీసుకున్నాను. ఇంటర్వ్యూ రోజంతా వాకిట్లోకి వచ్చి సందు చివరికి చూస్తూనే ఉన్నాను. సాయంత్రం వచ్చింది.

"తెల్లగ కనిపించినవా?" అని ఆటపట్టించాను.

"ఏమో అక్కా, లోపలికి పోయినంక చీరనే యాదిలేదు. అడిగినయన్నీ చెప్పిన." నవ్వింది. "నా రంగు గూడ యాదికి రాలే."

ఆమె వెళ్లాక బయటికొచ్చి, తడిగుడ్డతో బోర్డు మీద "తెల్లగా" అన్న మాట తుడిచేశాను.