డ్యూటీ దిగిన పిల్లి

సునామీ వచ్చిన తర్వాత చాలా నెలలు, మా పిల్లి చెవి కదిలిందంటే చాలు, ఇంట్లో ముగ్గురం మెట్లు దిగి రోడ్డు మీదికి పరిగెత్తేవాళ్ళం. ఈగ వాలినా పిల్లి చెవి కదులుతుంది కదా అని ఎవరైనా ఒక్క క్షణం ఆలోచిస్తేగా!

దీనికంతటికీ కారణం మా అత్తగారు. సునామీ వచ్చిన ఆ ఆదివారం పొద్దున, మా దీవిలో సిప్పీఘాట్ అనే చోట పొలం పక్కన మేముండే ఇంట్లో, పిల్లి ఒక్క అరుపు అరిచి పెరట్లోకి దూకింది. చేపముక్క ఎత్తుకుపోయిందనుకుని ఆవిడ చీపురు పట్టుకుని వెంటపడింది. ఆవిడ గుమ్మం దాటిందో లేదో భూమి ఊగింది, వంటింటి గోడ కూలి పొయ్యి మీద పడింది. ఆ తర్వాత పొలంలోకి వచ్చిన ఉప్పునీళ్ళు మరి వెనక్కి పోలేదు. టౌన్లోకి, మిడిల్ పాయింట్‌లో ఒక షాపు పైన రెండు గదులు అద్దెకు తీసుకుని, పిల్లిని గోనెసంచిలో వేసుకుని వచ్చేశాం.

పొలమంతా తిరిగిన జంతువు కాస్తా ఇంటిపిల్లి అయిపోయింది. అత్తగారు పాత చీర అంచు చింపి, ఒక కొస దాని మెడకు కట్టి, రెండో కొస తన మంచం కోడుకు ముడేసింది. అది కళ్ళు మూసుకుంటే వేలితో పొడిచి లేపేది. నిద్రపోతే భూకంపం సంగతి ఎలా చెబుతుందని ఆవిడ వాదన. చీటికీ మాటికీ భూమి వణికే రోజులవి. పిల్లికి నిద్ర లేదు, ఆవిడకూ లేదు.

నేనేమైనా తక్కువ తిన్నానా? మా ఆయన ఫీనిక్స్ బే రేవు నుంచి దీవుల మధ్య తిరిగే బోటు మీద పనిచేసేవాడు. ఆయన బోటెక్కిన రోజు నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. పొయ్యి దగ్గర్నుంచి కిటికీ దగ్గరికి, కిటికీ దగ్గర్నుంచి మెట్ల దగ్గరికి తిరిగేదాన్ని. అత్తగారిని లోలోపల తిట్టుకుంటూనే, కూర తరుగుతూ ఓరకంట పిల్లినే చూసేదాన్ని. అబద్ధమెందుకు.

కొన్నాళ్ళకి పిల్లి పొట్ట నాక్కోవడం మొదలుపెట్టింది. నాకి నాకి బొచ్చంతా ఊడి ఎర్రటి చర్మం బయటపడింది. సముద్రంలో చేపలు శవాలను తిన్నాయని అందరూ అనుకునేవాళ్ళు, అందుకని ఆవిడ ఇంట్లోకి చేప రానిచ్చేది కాదు. పాలన్నం పెడితే అది వాసన చూసి మొహం తిప్పుకునేది. రెండు రోజులు అసలేమీ ముట్టలేదు. ఇక లాభం లేదని కూరల బుట్టలో పెట్టి పశువుల డాక్టరు దగ్గరికి బయల్దేరాను. నేను తిరిగొచ్చేదాకా అత్తగారు ఇంట్లో ఉండనని, కిందకి దిగి షాపు ముందు కూర్చుంది.

డాక్టరు పిల్లి మెడ మీద గుడ్డ ఒరుసుకున్న గుర్తు చూసి ఏమిటని అడిగాడు. సిగ్గుపడుతూనే అంతా చెప్పాను.

"బీమారీ పిల్లికి కాదు దీదీ, జబ్బు మీ ఇంటికి. దీన్ని సోనే దో, పడుకోనివ్వండి. ఇంకో రెండ్రోజులు ఇలాగే తినకపోతే లివర్ పోతుంది, బతకదు."

ఇంటిపిల్లికి ఎక్కి కూర్చోడానికి ఎత్తైన చోటు, దాక్కోడానికి ఒక పెట్టె, బయటికి చూడ్డానికి కిటికీ, రోజూ కాసేపు ఆట ఉండాలన్నాడు. ఉప్పెయ్యకుండా ఉడకబెట్టిన చేప పెట్టమన్నాడు. పడుకున్నప్పుడు దాని జోలికి వెళ్ళొద్దని మరీ మరీ చెప్పాడు.

ఇంటికొచ్చి చెబితే అత్తగారు ఒప్పుకోలేదు. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ చూస్తుండగానే కత్తెరతో ఆ చీర అంచు కత్తిరించేశాను. ఆవిడ నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, "మరి నాకెవరు సెప్తారే?" అంది.

నా కోపమంతా నీరుగారిపోయింది. ఆవిడకి ఎంత భయమో నాకప్పుడే తెలిసింది. ఏం చెయ్యాలో తోచక, నాలుగు స్టీలు గ్లాసులు బోర్లించి, ఒకదాని మీద ఒకటి పళ్ళెంలో పేర్చి, ఆవిడ మంచం పక్కనున్న స్టూలు మీద పెట్టాను. కాస్త ఊగినా ఢమాల్‌మని పడతాయన్నాను. ఆవిడ నమ్మలేదు. తనే స్టూలు ఊపి చూసింది, మళ్ళీ పేర్చి మళ్ళీ ఊపింది. నాలుగోసారి గ్లాసులు పడ్డాక సరేనంది. పిల్లి డ్యూటీ దిగింది.

కిటికీ పక్కనున్న బీరువా మీద పాలపొడి అట్టపెట్టె పెట్టాను. అది దొడ్డికెళ్ళడానికి ఒక మూల రేకు డబ్బాలో రంపపు పొట్టు పోసి ఉంచాను. కత్తిరించిన చీర అంచునే చీపురుపుల్లకు కట్టి ఆడిస్తుంటే, అత్తగారు నా చేతిలోంచి పుల్ల లాక్కుని, నాకు ఆడించడం రాదంది. ఇంట్లోకి చేప కూడా రానిచ్చింది. మర్నాడే పిల్లి దాన్ని తింది. వానలు పడే నాటికి పొట్ట మీద బొచ్చు మొలిచింది.

ఒక మధ్యాహ్నం గ్లాసులు పడ్డాయి. ఇద్దరం గుమ్మం దాకా పరిగెత్తాం. ఆవిడ అక్కడ ఆగి వెనక్కి చూసింది. పిల్లి పెట్టెలోంచి ఒక కాలు బయటికి వేలాడేసి గుర్రు పెడుతోంది. పిల్లి లేకుండా దిగమంటే ఆవిడ దిగదు. చచ్చినట్టు కుర్చీ ఎక్కి దాన్ని లాగాను. అది నా మణికట్టు నుంచి మోచేతిదాకా గీరేసింది.

రోడ్డు మీద ఆవిడ పిల్లిని కొంగులో చుట్టుకుని, ఆ నిద్రమొహాన్ని చాలాసేపు చూసింది. మళ్ళీ కట్టేస్తుందేమో అనుకున్నాను.

"దీనికేటీ తెల్దే. మనమే లేపాల," అంది.

పైకి వచ్చాక ఆవిడే గ్లాసులన్నీ ఏరింది. స్టూలుని తన మంచం దగ్గర్నుంచి తీసి బీరువాకి ఆనించి, దాని మీద గ్లాసులు ఒక్కొక్కటే పేర్చింది.

"ఇక్కడైతే దానికీ ఇనబడద్ది."