పులివెందులకు ఆలస్యంగా చేరిన దీవి కార్డు

ఈ ప్రయాణం సరదాకు చేసింది కాదు. నేను చేసిన ఒక వెధవ పనిని దిద్దుకోవడానికి చేసింది. నాలుగేళ్ల కిందట మేం నలుగురం, సొంత రేడియో సెట్లతో దూరాలవాళ్లతో మాట్లాడే హామ్ రేడియోవాళ్లం, లక్షద్వీపాల్లోని ఒక చిన్న దీవిలో వారం రోజులు మకాం వేశాం. మా ఆటలో ఎవరితో మాట్లాడినా లాగ్ పుస్తకంలో రాసుకోవాలి, తర్వాత ధ్రువీకరణగా కార్డు పంపాలి. కార్డు చేతికి రాకపోతే మాట్లాడినట్టు నలుగురికీ చూపించుకోలేం. దీవి నుంచి వచ్చిన కార్డంటే మావాళ్లు కళ్లకద్దుకుంటారు.

ఒక సాయంత్రం మైకు నా చేతిలో ఉండగా, "యాడుండావప్పా? జమ్మలమడుగు నుంచి మాట్లాడతాండా. ఇనపడతాందా?" అని ఒక పెద్దాయన గొంతు ఖంగున వచ్చింది. ఆయన చెప్పిన కాల్ సైన్‌ను, అంటే రేడియోలో ఆయన గుర్తింపు పేరును, తిరిగి పలికి చిత్తు నోటుబుక్కులో రాసుకున్నాను. పక్కనున్న ముగ్గురూ కోస్తావాళ్లు. ఆ యాసకు పడీ పడీ నవ్వారు. నాది ప్రొద్దుటూరు, అదే యాసలో పుట్టి పెరిగినవాణ్ణి. అయినా వాళ్ల ముందు సిగ్గేసి, అర్థం కావడం లేదని ఇంగ్లీషులో చెప్పేసి, నోటుబుక్కులో ఆ కాల్ సైన్‌ను కొట్టేశాను. నెల తర్వాత ఆయన తన కార్డుతో పాటు స్టాంపు అంటించిన తిరుగు కవరు కూడా పంపాడు. దాంట్లోనే 'లాగ్‌లో లేదు' అని రాసి పంపాను.

పోయిన వారం అటక సర్దుతుంటే ఆ నోటుబుక్కు దొరికింది. జట్టువాళ్లకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పి, లాగ్ సరిచేయించి, మిగిలిన దీవి కార్డు ఒకటి నింపాను. పొద్దున ఏడుకు ప్రొద్దుటూరులో బస్సెక్కితే ముక్కాలు గంటలో జమ్మలమడుగు. టికెట్టు యాభై లోపే. పాత చిరునామా పక్కనే బొరుగుల ఉగ్గాని, బజ్జీ అమ్మే ఆమెను అడిగాను.

"మిద్దె మీద తీగెలు కట్టినాయనా? ఈడ ల్యాడప్పా. పులివెందులలో బిడ్డ ఇంట్లో ఉండాడు. దీవితో మాట్లాడితి, కార్డొస్తాదని వీధంతా చెప్పినాడు పాపం. రాకపాయ. అందరూ నగినారు."

ఆమె దగ్గరే కొత్త చిరునామా తీసుకొని తొమ్మిదిన్నరకు ముద్దనూరు మీదుగా పోయే బస్సెక్కాను. దారిలో నాపరాళ్ల ఫ్యాక్టరీలు, పులివెందుల దగ్గరపడేకొద్దీ అరటి తోటలు. ఇంకోసారైతే ఫొటోలు తీసేవాణ్ణి. రెండు గంటల ప్రయాణం ఇంకో గంట పెరిగితే బాగుండుననిపించింది.

కువైట్‌లో టీవీలు బాగుచేసి తిరిగొచ్చిన మనిషట ఆ పెద్దాయన, మహబూబ్ మామ. గడప దగ్గర "మామా, ఒక కార్డు ఇవ్వాలని..." అన్నానో లేదో, "నువ్వు దీవిలో మాట్లాడినోడివి గదా!" అన్నాడు. గొంతు మరిచిపోలేదు. తల దించుకొని, ఆయన కాల్ సైన్‌ను నేనే కొట్టేశానని చెప్పాను.

"నా చెవులే పోయినాయేమో, ల్యాని మాట ఇన్న్యానేమో అనుకుంటినప్పా. అప్పుటి నుంచి రేడియో ముట్టలా."

బీరువా మీద దుప్పటి చుట్టిన పెట్టె ఉంది. తిడతాడనుకొని వచ్చాను. తిట్టినా బాగుండేది. ఆయన కళ్లద్దాలు పెట్టుకొని కార్డులో 59 అన్న చోట వేలు పెట్టాడు. మా లెక్కలో మొదటి అంకె మాట ఎంత అర్థమైందో చెబుతుంది, రెండోది గొంతు ఎంత బలంగా వినబడిందో.

"ముందర ఐదేసినావే. ఐదంటే ప్రతి మాటా అర్థమయినట్టు గదా?"

"ప్రతి మాటా అర్థమైంది మామా. మాది పొద్దుటూరే."

ఆయన కళ్లద్దాలు తీసి నన్ను చూశాడు. "బయటోడు అర్థం కాల్యా అంటే సరే. మనోడివి, నువ్వెట్లంటివప్పా?"

తర్వాత ఆయనే బిడ్డను పిలిచి, "ఆ పెట్టె దించు పాపా" అన్నాడు.

తిరుగు బస్సులో కూడా ఆ ప్రశ్నే వినబడుతూ వచ్చింది. నవ్వినవాళ్లు ఆ రోజే మరిచిపోయారు. వాళ్ల కోసం నేను ఒక మనిషి చెవుల మీద ఆయనకే నమ్మకం లేకుండా చేశాను. కార్డు ఇచ్చినంత మాత్రాన ఆ నాలుగేళ్లు వెనక్కి రావు. దీవులకు రేడియోతో వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: లాగ్ ఎంత పక్కాగా ఉన్నా చిత్తు నోటుబుక్కు పారేయకండి. కొట్టేసిన గీత కింద అక్షరాలు నాలుగేళ్ల తర్వాత కూడా చదవడానికి వస్తాయి.