అవ్వ తెచ్చిన బిందె

రెండువేల సంవత్సరం దాటాక వచ్చిన కరువు రోజుల్లో నేను ఫైర్‌మన్‌ని. ఒక మధ్యాహ్నం కంబదూరు వైపు పల్లెకు మా బండి చేరేసరికి, మేతకని గోడకు ఆనించి వేసిన వేరుశనగ కట్టె వామితోపాటు ఇల్లూ బూడిదైంది. ఆ ఇంటి అవ్వ బిందెతో వచ్చింది.

“కాలాల్సిందంతా కాలిపాయ. ఆ బండిలో నీళ్లన్నా తాగేకి పొయ్యప్పా!”

పోశాను. తల కొట్టేసినట్టయింది. నిప్పు పుట్టకముందే ఊళ్లు తిరిగే నివారణ బృందానికి పెద్దనవ్వాలని, డ్యూటీ దిగి పొగ వాసన చొక్కాతోనే చదివి పరీక్ష గట్టెక్కాను.

పెద్దనయ్యాక మొదట ఆ పల్లెకే జీపులో వెళ్లాను. కొత్త గోడకు మళ్లీ వామి!

“దూరంగా వెయ్యవ్వా,” అన్నాను.

“దూరమేస్తే ఈ కరువులో ఎవురైనా ఎత్తుకపోతారు. అది సరే, నీళ్లబండి యాడప్పా?” అంటూ బిందె చూపించింది.

ఆలస్యంగా వెళ్లిన రోజు బిందెడు నీళ్లయినా ఇచ్చాను. ముందుగా వెళ్లిన రోజు నా దగ్గర మాటలే ఉన్నాయి.