నడుమ కూర్చోవలసిన మనిషి

మా కురుమూర్తికి మనుషులు పేర్లతో గుర్తుండరు, బరువులతో గుర్తుంటారు. తప్పు అతనిది కాదు. కొల్లాపూర్ రేవు నుంచి కృష్ణ అవతలి ఒడ్డుకు చాలా ఏళ్లు సరుకుల లాంచీ నడిపాడు. మామిడి గంపలు, సిమెంటు బస్తాలు, సంతకు పోయే గొర్రెలు. బరువైనవి నడుమ, తేలికవి అంచున. అది తప్పితే లాంచీ ఒరుగుతుంది.

రెండు వేల నాలుగులో యజమాని రామన్నకు షోకు పుట్టింది. లాంచీకి రేకుల కప్పు వేయించి, కుర్చీలు బిగించి, నీలం రంగు కొట్టించి జనాన్ని తిప్పుతానన్నాడు. నడిపేది మాత్రం కురుమూర్తే.

మొదటి బేరం పెళ్లివారిది. అందులో నేనూ ఉన్నాను. పెళ్లికొడుకు మేనత్త పోచమ్మ, నిండైన మనిషి, పట్టుచీర సవరించుకుంటూ ఎక్కింది. కురుమూర్తి ఆమెను ఎగాదిగా చూశాడు.

"అవ్వా, నువ్వు నడుమ కూసో. అంచున కూసుంటే నీ బరువుకు సరిగ అవతల నలుగుర్ని ఎక్కియ్యాలె."

పెళ్లివారు పగలబడి నవ్వారు. పోచమ్మ ముఖం కందగడ్డ అయింది. పట్టుబట్టి అంచునే కూర్చుంది.

అవతలి ఒడ్డున, కూడా వచ్చిన రామన్న అతన్ని పక్కకు లాగాడు. "గిది గొర్రెల లాంచీ కాదురా! వాపసు పొయ్యేటప్పుడు బరువు మాట నీ నోట్లకెల్లి వచ్చిందా, రేపటి సంది వేరేటోడు నడుపుతడు."

లాంచీ నడపడం తప్ప కురుమూర్తికి ఇంకో పని రాదు.

తిరుగు ప్రయాణంలో ఎండ పడమటి నుంచి కొట్టింది. జనమంతా నీడ ఉన్న వైపే చేరారు. అంచు కుర్చీలో మళ్లీ పోచమ్మే. లాంచీ ఒరిగింది. నోరు తెరిస్తే నౌకరి పోతుంది, మూస్తే లాంచీ పోతుంది. పాపం, ముందు నుయ్యి వెనుక గొయ్యి. చివరికి ఉపాయం పన్ని ఎండ వైపు చెయ్యి చూపాడు.

"అగో, అటు దిక్కు మొసలి, సూడుండ్రి!"

అందరూ ఒక్కసారే అటు ఉరికారు. లాంచీ అటు ఒరిగింది. అరిసెల గంప నీళ్లలో పడింది. పిల్లలు ఏడుపు అందుకున్నారు.

పోచమ్మ కుర్చీ పట్టుకుని అరిచింది. "మొసలి లేదు, గిసలి లేదు! అసలు సంగతి జెప్పురా!"

కురుమూర్తి కళ్లలో నీళ్లు తిరిగాయి. "జెప్తే నా నౌకరి పోతది అవ్వా."

"ఎవడు తీస్తడో నేనూ జూస్త!"

ఆమె వచ్చి నడుమ బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మిగతావాళ్లను చేతి సైగలతోనే అటూ ఇటూ సర్దింది. లాంచీ సమంగా నిలబడింది. రామన్న కుర్చీల మేకులు చూస్తున్నట్టు నటించాడు.

కురుమూర్తి ఆనందం పట్టలేకపోయాడు. ఆమెకు చేతులెత్తి దండం పెట్టాడు.

"నీ అసొంటి బరువు దొరకాలంటే లాంచీ పుణ్యం జేస్కోవాలె అవ్వా!"

పోచమ్మ చెప్పు తీసి విసిరింది. కూర్చున్న చోటు నుంచి మాత్రం కదల్లేదు.